కిడ్నీ మార్చాక మెడ కూడా తడిమి చూడమనండి

తెలంగాణ ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అన్నయ్యకు కిడ్నీ మార్పిడి జరిగి ఆరేళ్లు. రోజూ పొద్దున, రాత్రి ఎనిమిదింటికి టాక్రోలిమస్ మాత్ర వేసుకోమని అలారం మోగాల్సిందే. కొత్త కిడ్నీని కాపాడే ఆ మందులే రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, అందుకే మార్పిడి చేయించుకున్నవాళ్లకు లింఫోమా (మెడ, చంకల్లాంటి చోట్ల ఉండే లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్), చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ఈ మాట మాకెవరూ చెప్పలేదు. మెడ పక్కన చింతగింజంత గడ్డ కనిపిస్తే జలుబు వల్లేమో అనుకున్నాం. చెకప్‌లో ప్రతిసారీ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశారు గానీ మెడ మీద చెయ్యి వేసినవాళ్లు లేరు. చివరికి గడ్డ ముక్క తీసి చేసిన బయాప్సీ పరీక్షలో లింఫోమా అని తేలింది. ఇప్పుడు మందు తగ్గిస్తే కిడ్నీ పోతుందేమో, తగ్గించకపోతే గడ్డ పెరుగుతుందేమో అని ఇంటిల్లిపాదికీ టెన్షన్.

మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఏటా చర్మం, మెడ, చంకలు, ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వారం పరీక్షించడం తప్పనిసరి చేయండి. డిశ్చార్జి రోజే ఈ ముప్పు గురించి తెలుగులో ఒక కాగితం చేతికివ్వండి.

ఇట్లు,
ఒక రోగి తమ్ముడు