నన్ను మళ్లా మగ్గంల కూసోబెట్టిన ఫిజియోథెరపీ మేడమ్‌కు దండాలు

నిన్న సాయంత్రం ఏడు చీరల పడుగు (మగ్గానికి నిలువుగ ఎక్కించే దారాలు) నేసుడు అయిపోయింది. ఆఖరి చీర కోసి దింపినంక మా ఇంటామె దాన్ని మడత పెట్టుకుంట, "నడుము ఎట్లున్నది?" అని అడిగింది. ఆమె అడిగినంకనే యాదికొచ్చింది, పొద్దటిసంది నడుము సంగతే మర్చిపోయిన అని. పద్నాలుగు నెలలల్ల ఇట్ల మర్చిపోవుడు ఇదే మొదటిసారి. అందుకే రాస్తున్న.

మాది పోచంపల్లి దిక్కు ఒక పల్లె. పదహారేండ్లకు గుంట మగ్గంల కాళ్లు పెట్టిన, ఇప్పుడు నలభై ఆరు. మగ్గం పని చూడనోళ్లకు చెప్పాలంటే, కాళ్లు గుంటల తొక్కుతుంటయి, ఒక చెయ్యి అడ్డపోగును తీస్కపోయే నాడె తాడు గుంజుతది, ఇంకో చెయ్యి ఆ పోగును దగ్గరికి జరిపే పన్నె కొడ్తది. మాది నేసే ముందే పోగులకు రంగులద్దే ఇక్కత్ కాబట్టి పేకల (అడ్డపోగుల) రంగు పడుగుల రంగుకు కలిసిందా లేదా అని ప్రతి పోగుకు మెడ వంచి చూడాలె. కొంచెం తప్పినా వేలితోని జరిపి సరి చెయ్యాలె. పొద్దుగూకేదాక ఇదే పని.

మా ఇండ్లల్ల నొప్పి కొత్తది కాదు. మా అమ్మ ఆసు పోసి పోసి (రంగులద్దే ముందు దారాన్ని మేకుల చుట్టూ చేతితోని చుట్టుడు) కుడి భుజం లేపలేకపోయేది. ఒక్క చీరకు చెయ్యి దగ్గర దగ్గర తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలె. ఆలేరు దిక్కు శారాజీపేటల చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ కష్టం చూడలేక 1999ల ఆసు యంత్రం తయారు చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చినంక మా ఆడోళ్ల భుజాలు బతికినయి. మగ్గంల కూసునేటోని నడుము, మెడ మాత్రం అట్లనే ఉన్నయి.

పోయిన ఏడు ఎండకాలం మొదలైంది నాకు. ముందు మెడ పట్టేసింది, కుడి చేతి వేళ్లల్ల తిమ్మిర్లు. తర్వాత నడుము. అక్కడికెల్లి పిర్ర, తొడ, పిక్క దాక కరెంటు తీగ గుంజినట్టు గుంజుడు. ఒక దవాఖానల ఎమ్మారై తీయించుకుంటే "డిస్క్ జరిగింది, మగ్గం బంద్ చెయ్యి, ఆపరేషన్ దాక పోవచ్చు" అన్నరు. గోలీలు మింగిన. నడుముకు బెల్టు కట్టుకొని ఎనిమిది నెలలు తిరిగిన. రాత్రి పక్క మీద ఇటు తిరగాలంటే ఇంటామె భుజం పట్టి తిప్పేది. మగ్గం మీద సగం నేసిన చీరకు దుమ్ము పట్టకుండ బట్ట కప్పి పెట్టింది. ఆ బట్ట చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మా పక్కింటి నర్సింహన్న ఊకోలే. "సర్కారు దవాఖానల ఫిజియోథెరపీ మేడమ్ ఉన్నది, ఒక్కసారి పోదాం పా" అని బండి మీద ఎక్కించుకొని తీస్కపోయిండు. మేడమ్ నా ఎమ్మారై కవర్ పక్కకు పెట్టి మొదలు నన్నే చూసింది. ముని వేళ్ల మీద నడిపించింది, మడమల మీద నడిపించింది, మోకాలి కింద చిన్న సుత్తెతోని కొట్టి చూసింది. మూత్రం మంచిగనే వస్తుందా, తొడల నడుమ మొద్దుబారిందా, పాదం పైకి లేవకుండ కిందికి వాలిపోతుందా, జ్వరం, బరువు తగ్గుడు ఉన్నదా అని అడిగింది. వీటిల ఏదున్నా వ్యాయామం కాదు, ముందు డాక్టర్ చూడాలె, మూత్రం ఆగినా, తొడల నడుమ మొద్దుబారినా అదే రోజు పెద్ద దవాఖానకు ఉరకాలె అన్నది. ఇది మీరందరు యాది పెట్టుకోండి.

నాకు అవేవీ లేవని తేలినంక ఆమె అన్న మాట నా గుండెల మీదికెల్లి బండ దింపింది. "అన్నా, నలభై ఏండ్లోళ్లల్ల ఏ నొప్పీ లేనోళ్లకు ఎమ్మారై తీసినా సగం మందికి డిస్క్ ఉబ్బు కనబడుతది. ఫొటోల ఉన్నదంత నీ నొప్పి కాదు."

తర్వాత, "మగ్గంల ఎట్ల కూసుంటవో చూపెట్టు" అన్నది. మంచం అంచు మీద కూసొని, లేని తాడు గుంజి, లేని పన్నె కొట్టి చూపెట్టిన. రెండు నిమిషాలు ఏం మాట్లాడకుండ చూసింది. వెనకకొచ్చి మెడ మొదట్ల బొటనవేలు ఆనించి "ఇక్కడనా?" అన్నది. సరిగ్గ అక్కడనే. తల బరువు ఐదు కిలోల దాక ఉంటది, 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోలు పడ్డట్టు లెక్క అని చెప్పింది. అంటే ఇరవై ఐదు కిలోల బియ్యం సంచి కంటె ఎక్కువ. ముప్పై ఏండ్లు మోసిన నేను దాన్ని.

మొదటి రోజు బోర్ల పండుకోబెట్టి మోచేతుల మీద ఛాతి లేపుమన్నది. భయపడ్డ. అప్పుడు న్యూజిలాండ్ సంగతి చెప్పింది. 1956ల మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి కాలు దాక నొప్పి ఉన్నాయన వచ్చిండట. బోర్ల పండుకోమంటే, తల దిక్కు ఎత్తుగ పెట్టి ఉన్న బల్ల మీద ఆయన అట్లనే పండుకున్నడు. మెకెంజీ వచ్చి చూసి, నడుము వెనకకు వంగిపోయిందని గాబరా పడ్డడు. ఆ మనిషేమో కాలు నొప్పి పోయింది అన్నడట. అందరికీ ఇదే పని చెయ్యదు, నీకు చేస్తదేమో చూద్దాం అన్నది మేడమ్. నాలుగో రోజుకు పిక్కల గుంజుడు తొడకొచ్చింది, వారానికి నడుములకే వచ్చింది. నడుముల ఎక్కువైందని నేను మొత్తుకుంటే, కింది నొప్పి పైకి రావుడు మంచిదే, గాబరా పడకు అన్నది.

వారానికి మూడు సార్ల లెక్కన నెలన్నర పోయిన. గదవ లోపలికి గుంజి ఐదు లెక్కబెట్టుడు, రెక్క ఎముకలు వెనకకు దగ్గర చేసుడు, ఎల్లెలకల పండుకొని నడుము లేపుడు, ఒక్కొక్కటి పది సార్లు. చెరువు కట్ట మీద పది నిమిషాల నడకతోని మొదలుపెట్టి నలభై నిమిషాలకొచ్చిన. బెల్టు మెల్లమెల్లగ ఇప్పించింది. తీరని నడుము నొప్పికి బెల్టులు వద్దు, వ్యాయామం కావాలె అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ 2023ల చెప్పిందట. ఒక రోజు నొప్పి మళ్లా లేస్తే, "మానేస్తా మేడమ్" అన్న. కోప్పడలే. "ఇయ్యాల పదికి బదులు నాలుగు చెయ్యి, రేపు ఆరు చెయ్యి" అన్నది.

అన్నింటికంటె నేను మర్చిపోలేనిది ఒకటున్నది. మగ్గం బంద్ చెయ్యి అని ఆమె ఒక్కసారి కూడ అనలే. నేను నేస్తుంటే కొడుకు తోని ఫోన్ల వీడియో తీయించింది, ఆపి ఆపి చూసింది. కూసునే పలక నాలుగు వేళ్ల మందం లేపుమన్నది. నా వెనక ఉన్న బల్బు నా నీడనే బట్ట మీద పడేస్తుంది, అందుకే ఇంక ఎక్కువ వంగుతున్నవు అని, దాన్ని పన్నె మీదికి మార్పించింది. మేం ముప్పై ఏండ్లు చూడనిది ఆమె ఫోన్ల చూసింది. ఇంకోటి, "పక్కన గంప నిండ కండెలు (పేక దారం చుట్టిన పుల్లలు) పెట్టుకోకు. నాలుగే పెట్టుకో. అయిపోయినంక గుంటల నుంచి లేచి పోయి తెచ్చుకో" అన్నది. గడియారం చూసే పని లేదు. కండెలే నన్ను లేపుతున్నయి.

మేడమ్, మీ పేరు రాయొద్దన్నరు, రాస్తలేను. మీ చేతికి దండం. నర్సింహన్నా, పెట్రోలు పైసలు తీసుకోకుండ అన్ని రోజులు తిప్పినవు, నీ రుణం తీరేది కాదు. ఆలస్యమైనా నాకిచ్చే పట్టు దారం వేరేటోళ్లకు ఇయ్యకుండ ఆగిన సేటుకు శరణు. రాత్రిళ్లు నన్ను అటూ ఇటూ తిప్పి, పగలు కండెలు చుట్టిన మా ఇంటామెకు ఏమని చెప్పాలె, ఆమె చదువుతది గనుక ఇక్కడ రాస్తున్న: నువ్వు లేకుంటే నేను లేవకపోదును.

ఒక తువ్వాల నేసి మేడమ్‌కు ఇయ్యబోతే తీసుకోలే. "మీ వాడకట్టుల నడుము పట్టుకొని తిరిగేటోళ్లు ఇంకా ఎంతమంది ఉన్నరు? వాళ్లను తీస్కరా" అన్నది. సోమవారం పొద్దున ఎనిమిదింటి బస్సుకు ఇద్దరు నాతోని వస్తున్నరు.