కాంబో కిట్ ఆపేశాం: మీ కారు రాత్రిళ్లు ఎక్కడ ఉంటుందో చెప్పండి

మన కస్టమర్లందరికీ నమస్కారం. ఈ నెల నుంచి షాపులో కాంబో కిట్ అమ్మడం లేదు. షాంపూ, వ్యాక్స్, డ్యాష్‌బోర్డ్ పాలిష్, రెండు గుడ్డలు. మూడేళ్లుగా ఎవరొచ్చినా అదే చేతిలో పెట్టాం. అది తప్పని ఒక నల్ల కారు చూశాక తెలిసింది.

విశాఖ మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకాయన కారు అది. మేమిచ్చిన కిట్‌తోనే ప్రతి ఆదివారం శ్రద్ధగా కడుక్కున్నారు. బానెట్ నిండా తెల్లటి చుక్కలు, గోరుతో గీకితే గరుగ్గా తగులుతున్నాయి. బోరు నీళ్లు మరి. ఎండలో కడిగితే నీరు ఆవిరైపోయి అందులోని సున్నం పెయింట్ మీదే ఉండిపోతుంది. ఆయనకి కావలసింది వ్యాక్స్ కాదు, తడి మొత్తం పీల్చే మందపాటి మైక్రోఫైబర్ టవల్. నీడలో కడిగి, ఆరకముందే తుడిచేస్తే సరిపోయేది. ఆ మాట అమ్మిన రోజే నేను చెప్పాల్సింది. మరకలు తీసినందుకు డబ్బులు తీసుకోలేదు.

బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు పై మెరుపు కంటే అడుగు భాగం చూసుకోండి. రాయి తగిలి పెయింట్ లేచిన చోట ఉప్పు గాలికి తుప్పు తొందరగా పట్టేస్తుంది. వారానికోసారి చక్రాల గూళ్లలోకి నీళ్లు కొట్టండి, లేచిన చోట టచప్ పెయింట్ వేయించండి. ఈ రెండూ చేయకుండా ఖరీదైన వ్యాక్స్ కొంటానంటే నేనే వద్దంటాను.

పోర్టు చుట్టుపక్కల తెల్ల కార్ల మీద నారింజ రంగు చుక్కలు కనిపిస్తాయి. అవి పెయింట్‌లో దిగబడిన ఇనుప రజను. షాంపూతో పోవు. ఆ ఇనుమును కరిగించే ఐరన్ రిమూవర్ ద్రవం కొడితే చుక్క చుట్టూ ఊదా రంగు తిరిగి కారుతుంది. చల్లగా ఉన్న కారు మీదే వాడాలి, ఆరిపోకముందే కడిగేయాలి. మిగతావాళ్లలో చాలామందికి ఆ సీసాతో పని లేదు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది పొద్దున్నే పొడి గుడ్డతో తుడవడం. దుమ్ము మీద అలా రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. ఎండలో కనిపించే ఆ సాలెగూడు గీతలు ఎక్కువగా అక్కడివే. వేలు పోసి పెయింట్ మీద సిరామిక్ కోటింగ్ అనే గట్టి పూత వేయించినా ఆ గీతలు ఆగవు. నీళ్లు దొరకనివాళ్లు రిన్స్‌లెస్ షాంపూ, అంటే మళ్లీ నీళ్లు పోసి కడగక్కర్లేనిది, తీసుకోండి, ఒక్క బకెట్ చాలు. నాలుగైదు మెత్తటి గుడ్డలు పెట్టుకుని, ఒకటి మాసిపోగానే ఇంకోటి తీయండి. తుడిచే అబ్బాయికి కూడా అవే ఇవ్వండి.

డ్యాష్‌బోర్డ్‌ని నిగనిగలాడించే జిడ్డు పాలిష్ తెప్పించడం మానేశాం. ఎండలో దాని మెరుపు ముందు అద్దంలో పడి రోడ్డు సరిగా కనపడదు. తడి గుడ్డ చాలు.

కిట్ కొన్నవాళ్లు మూత తీయని సీసాలు తీసుకురండి, మీకు పనికొచ్చేవి మార్చి ఇస్తాం. బిల్లు లేకపోయినా పర్వాలేదు. వచ్చేటప్పుడు కారు కడిగే నీళ్లు ఒక సీసాలో పట్టుకురండి, కారు రాత్రిళ్లు ఎక్కడ ఉంటుందో కూడా చెప్పండి. నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపే టీడీఎస్ మీటర్ పెట్టి చూసి ఏం కొనాలో మాట్లాడుకుందాం.