చర్మం పొడిబారుతోందని అడిగినవాళ్లకి

అందరికీ నమస్కారం. విడివిడిగా మెసేజ్‌లు పెడుతున్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. బెజవాడ ఎండలకి చెమట ఎలాగూ పోస్తుంది, నీళ్లు, మజ్జిగ తాగాల్సిందే. కానీ ఎన్ని తాగినా పైచర్మం పొడితనం దానంతట అది తగ్గదు. ఉన్న తేమ బయటకి పోకుండా ఆపాలి.

స్నానం గోరువెచ్చటి నీళ్లతో, 10 నిమిషాల్లోపు ముగించండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒళ్లు ఇంకా కాస్త తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. ఖరీదైనది అక్కర్లేదు, గ్లిజరిన్ ఉండి వాసన లేనిదైతే చాలు. సున్నిపిండి మానమనను (మా అత్తయ్యగారు ఈ గ్రూప్‌లోనే ఉన్నారు!), గట్టిగా నలవకండి అంతే.

పగటిపూట బీసెంట్ రోడ్డుకి షాపింగ్‌కి వెళ్తే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకోండి, బయటే ఉంటే 2 గంటలకోసారి మళ్లీ. స్కూటీ నడిపేవాళ్లు చేతులు, మెడ మర్చిపోవద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. చీటీ లేకుండా మందుల షాపులో తెచ్చుకునే తెల్లబడే క్రీములు వద్దు. కొన్నిట్లో బెటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. మొదట ముఖం మెరుస్తుంది, తర్వాత చర్మం పల్చబడి మొటిమలు, ఎర్రటి సన్న గీతలు బయటపడతాయి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేయకుండా చర్మ డాక్టరుకి చూపించి ఆయన చెప్పినట్టు చేయండి. నిమ్మచెక్క ముఖానికి రుద్దడం కూడా మానేయండి, పులిహోరకి ఉంచుకోండి.