పొగిడే ముందు పాటలు వినండి

సంపాదకుల వారికి,

అయ్యా,

ఈ నెల, అంటే 2021 నవంబరు 14న మీ ఆదివారం అనుబంధంలో స్వీడన్ పాప్ బృందం 'అబ్బా' కొత్త ఆల్బం 'వోయేజ్'ని ఆకాశానికెత్తుతూ అరపేజీ వ్యాసం వేశారు. అప్పుడే జవాబు రాయాల్సింది. కానీ ఆ వారంలోనే వానలకు, వరదకు మన తిరుపతికి ఏమైందో మీకు వేరే చెప్పక్కర్లేదు. కపిలతీర్థం దగ్గర ఉరికిన నీళ్లు చూసి భయపడనివాళ్లు లేరు. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. రాయలచెరువు కట్ట నిలుస్తుందో లేదోనని పల్లెలకు పల్లెలు నిద్ర మానుకున్నాయి. మా కొర్లగుంటలో కరెంటు పోయి, వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిస్తే పాటల గురించి ఉత్తరం రాసే ఓపిక ఎవరికుంటుంది? ఇప్పుడు నీళ్లు తీశాయి, బురద తీసేవాళ్లు మాత్రం రాలేదు. తీరిగ్గా కూర్చుని ఆ వ్యాసం మళ్లీ చదివితే కోపం తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది.

నలభై ఏళ్లయినా వాళ్ల మాయ తగ్గలేదని రాశారు. నలభై ఏళ్ల లెక్క మాత్రం సరిగ్గానే ఉంది. వాళ్ల ముందటి ఆల్బం 'ది విజిటర్స్' 1981 నవంబరులో వచ్చింది, ఇది ఈ నవంబరు 5న వచ్చింది. మిగతాదే నేను ఒప్పుకోను. పాశ్చాత్య సంగీతం అంటే పడనివాణ్ని కాను. కాలేజీలో ఉండగా సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు వెళ్లి, బర్మా బజారులో దొంగ క్యాసెట్లు బేరమాడి తెచ్చుకున్న బాపతు నేను. పాటల పేర్లు టైపు చేసిన అట్ట మీద సగం తప్పులే ఉండేవి. అయినా ఆ బృందం గాయనులు అగ్నెతా, ఫ్రీడా గొంతులు కలిసి ఒక్కసారిగా పైకి లేచేసరికి ఒళ్లు జలదరించేది. అప్పటి వాళ్ల సౌండ్ ఇంజనీర్ మైఖేల్ ట్రెటో ఆ ఇద్దరి గొంతుల్నే మళ్లీ మళ్లీ రికార్డు చేసి, టేపు వేగం వెంట్రుకవాసి మార్చి, పొరలు పొరలుగా పేర్చేవాడు. అందుకే పాడేది ఇద్దరే అయినా పెద్ద బృందం పాడినట్టు వినిపించేది. ఆ శ్రమ చేతికి దొరికేంత స్పష్టంగా తెలిసేది.

మరి 'వోయేజ్'లో ఏముంది? కంప్యూటర్ బొమ్మలతో ఒక షో తలపెట్టాక రెండు కొత్త పాటలు రికార్డు చేశామని వాళ్లే 2018లో ప్రకటించారు. ఆ రెంటితో ఆగి ఉంటే దండం పెట్టేవాణ్ని. 'డోంట్ షట్ మీ డౌన్' నిజంగా మంచి పాట. చీకటి పడే వేళ నెమ్మదిగా మొదలై, పియానో మెట్ల మీద వేళ్లు సర్రున జారగానే ఊపందుకుంటుంది. అది వింటే పాత 'అబ్బా' బృందమే. కానీ రెండు పాటలు పది పాటల ఆల్బం అయ్యేసరికి పలచనైపోయింది. క్రిస్మస్ ఉదయం మీద పిల్లల కోరస్‌తో ఒక పాట, తుమ్మెద మీద ఇంకో పాట. వినగా వినగా గ్రీటింగ్ కార్డులు చదివినట్టుంది. 'కీప్ యాన్ ఐ ఆన్ డాన్' కాస్త నయం. విడాకులైన తల్లి బిడ్డను తండ్రి దగ్గర దింపి వెళ్లే సందర్భం. అదయినా చివర్లో 1975 నాటి 'ఎస్.ఓ.ఎస్.' పియానో ముక్క వినిపించి ముగుస్తుంది. కొత్త పాటకు పాత పాట సిఫారసు ఎందుకండీ?

అన్నిటికంటే విచిత్రం 'జస్ట్ ఎ నోషన్'. ఆ గొంతులు 1978లో రికార్డు చేసినవి. అప్పట్లో పనికిరాదని వాళ్లే పక్కన పడేశారు. ఇప్పుడు దానికి కొత్త వాయిద్యాలు తగిలించి ఆల్బంలో పెట్టారు. మొత్తం ఆల్బంలో గొంతులు అంత హుషారుగా వినిపించే పాట ఇంకోటి లేదు. మీ రచయిత ఈ పాటనే ఎత్తి చూపించి, వయసు వాళ్ల గొంతులను తాకలేదని మురిసిపోయారు. ఎలా తాకుతుందండీ, నలభై మూడేళ్ల క్రితం పాడితే?

వాళ్లు పెద్దవాళ్లు, అంత కఠినంగా మాట్లాడకూడదని ఈ మధ్య ఒక మిత్రుడు నాకు నీతి చెప్పాడు. ఫ్రీడాకు ఈ నెలలోనే 76 నిండాయి. గొంతు కిందికి దిగడం సహజం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ వయసును సాకుగా చూపించే ముందు ఆ మిత్రుడు ఒకసారి మన పూర్ణకుంభం సర్కిల్‌కి వెళ్లి ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి విగ్రహం చూసి రావాలి. 1916లో పుట్టిన ఆవిడ 'బాలాజీ పంచరత్నమాల' రికార్డు చేసేనాటికి అరవై దాటేశారు. అప్పటికే భారతదేశమంతా చేతులెత్తి మొక్కే మనిషి. పాత కచేరీల టేపులు ఇచ్చి చేతులు దులుపుకున్నా ఎవరూ అడిగేవారు కాదు. ఆవిడ నేదునూరి కృష్ణమూర్తి గారి దగ్గర అన్నమయ్య కీర్తనలు శిష్యురాలిలా నేర్చుకుని మరీ పాడారు. ఐదు ఎల్పీలలో, అంటే ఐదు పెద్ద గ్రామఫోన్ రికార్డులలో, ఏదో ఒకటి నింపేద్దాం అన్న చోటు ఒక్కటి చూపించమనండి. అప్పటి టీటీడీ ఈవో పీవీఆర్‌కే ప్రసాద్ గారు పట్టుబట్టి చేయించిన పని అది. ఒక అధికారి తలచుకుంటే నలభై ఏళ్లు నిలిచే పని జరిగిన రోజులు ఉన్నాయని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

ఇప్పుడు అధికారులు తలచుకుంటే ప్రెస్‌నోట్ వస్తుంది. మా వార్డులో కాలువల పూడిక తీత పూర్తయిందని వానలకు ముందు మీ పత్రిక జిల్లా పేజీలోనే చదివాను. ఫొటో కూడా వేశారు. ఆ ఫొటోలో కాలువ ఒడ్డున కుప్పపోసిన చెత్త కనిపిస్తూనే ఉంది. మొదటి వానకే అది తిరిగి కాలువలోకి పోయింది, రెండో వానకు కాలువ మా ఇంట్లోకి వచ్చింది. ఆ వార్త రాసినవారు కాలువ చూడలేదు, ఈ వ్యాసం రాసినవారు పాటలు వినలేదు. ఎవరో పంపిన కాగితాన్ని ఇద్దరూ తెలుగులో పెట్టారు, అంతే.

సినిమా పాటల పరిస్థితీ ఇదే. యూట్యూబ్‌లో పడిన గంటకే దుమ్ము లేపుతోందంటారు. బాగాలేదని రాస్తే ప్రకటనలు ఆగిపోతాయని మీకు టెన్షన్ ఉండొచ్చు, అర్థం చేసుకోగలను. కానీ అబ్బా వాళ్లు స్టాక్‌హోమ్ నుంచి మీకు ప్రకటనలేమీ ఇవ్వరు కదా! కనీసం వాళ్ల విషయంలోనైనా నిజం రాయడానికి ఏమడ్డొచ్చింది?

ఇక ఆ షో సంగతి. లండన్‌లో 2022 మేలో మొదలవుతుందట. బృందంలోని నలుగురూ వేదిక ఎక్కరు. 1979 నాటి ముఖాలతో కంప్యూటర్ బొమ్మలు ఆడిపాడతాయి. వాటి కోసం వాళ్లు ఒంటికంటుకునే సెన్సార్ దుస్తులు వేసుకుని ఐదు వారాలు కెమెరాల ముందు నటించారు. ఆ వయసులో అంత కష్టపడగలిగినవాళ్లు తుమ్మెద పాట దగ్గర మాత్రం ఇంకో రెండు రోజులు కూర్చోలేకపోయారా? 2000లో వంద కోట్ల డాలర్లు ఇస్తామన్నా మళ్లీ కలిసేది లేదని చెప్పిన బృందం ఇది. వద్దు అనడం వాళ్లకు బాగా తెలుసు. ఈసారి వాళ్ల గదిలో ఆ మాట అనేవారు లేకపోయారు, పత్రికల్లోనూ లేకపోయారు.

ఈ ఉత్తరం మీకు పెద్దదిగా అనిపిస్తే ట్రెటో గురించి రాసింది కత్తిరించుకోండి, ఎమ్మెస్ గారి గురించి రాసింది మాత్రం ఉంచండి. వీలైతే మీ జిల్లా విలేకరిని ఒకసారి మా వీధికి పంపండి. చెప్పులు చేత్తో పట్టుకుని రమ్మనండి.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
కొర్లగుంట, తిరుపతి