ఆ బటన్ జోలికి ఎప్పుడు వెళ్లాలి?

రవీ,

కొత్తగా కొన్న పాత కారు గురించి పేజీలకు పేజీలు రాసి, ట్రాక్షన్ కంట్రోల్‌ని, అంటే చక్రాలు జారకుండా అదుపు చేసే ఏర్పాటుని, ఎప్పుడు ఆపాలన్న అసలు ప్రశ్నని మాత్రం చివరి వాక్యంలో ఇరికించావు. నాలుగు వందల పైచిలుకు హార్స్‌పవర్, అదంతా వెనక చక్రాలకే! అలాంటిది చేతికొచ్చాక ట్రాక్షన్ కంట్రోల్ బటన్ మీదికి వేలు పోకుండా ఎలా ఉంటుందిలే. "అసలైన డ్రైవరు అన్నీ ఆపేసి నడుపుతాడు" అని నీకు చెప్పిన పెద్దమనిషి ఆ మాట రేస్ ట్రాక్ మీద అన్నాడా, కుర్చీలో కూర్చుని అన్నాడా? అది కనుక్కో ముందు.

మామూలు రోడ్డు మీద అయితే నా జవాబు ఒక్క ముక్క: ఆపకు. ఇక వివరాలు.

బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సార్ ఉంటుంది కదా, ట్రాక్షన్ కంట్రోల్ వాడుకునేదీ దాన్నే. ముందు చక్రాల కంటే వెనకవి మరీ వేగంగా తిరుగుతుంటే, అవి జారుతున్నాయని లెక్క వేసుకుంటుంది. వెంటనే ఇంజిన్ గొంతు నొక్కుతుంది. థ్రాటిల్ మూస్తుంది, ఇగ్నిషన్ ఆలస్యం చేస్తుంది, అదీ చాలకపోతే జారుతున్న చక్రానికి తనే బ్రేకు వేస్తుంది. నీకు తెలిసేది మాత్రం ఇంజిన్ నత్తినత్తిగా పలకడం, డ్యాష్‌బోర్డ్ మీద పసుపు దీపం మిణుకుమిణుకుమనడం, అంతే.

స్టెబిలిటీ కంట్రోల్ వేరు. అది స్టీరింగ్ ఎటు తిప్పావో, కారు నిజంగా ఎటు తిరుగుతోందో పోల్చి చూసి, తేడా వస్తే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెడుతుంది. బాష్ వాళ్లు 1995లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో దాన్ని తెచ్చారు. అమెరికాలో 2012 మోడల్ నుంచి ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి చేశారంటే ఊరికే కాదు. చిక్కేమిటంటే, చాలా కార్లలో ఈ రెంటికీ కలిపి బటన్ ఒక్కటే. ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే సడలుతుంది. కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే రెండూ పోతాయి. నీ కారులో ఏది ఎలా ఉందో మాన్యువల్ తెరిచి చూడు. ఏబీఎస్ మాత్రం సాధారణంగా ఆ బటన్‌తో పోదు.

ఆ పెద్దమనిషి మాటలో కాస్త నిజం లేకపోలేదు. పొడి తారు మీద టైరుకి గరిష్ఠమైన పట్టు దొరికేది అసలు జారనప్పుడు కాదు, రోడ్డు కంటే సుమారు పది పదిహేను శాతం వేగంగా తిరుగుతున్నప్పుడు. రోడ్డు కోసం జాగ్రత్తగా అమర్చిన ట్రాక్షన్ కంట్రోల్ అంతదాకా రానివ్వకుండానే కళ్లెం వేస్తుంది. అయితే టైరు పరిస్థితి ఒకే జీతంతో రెండిళ్లు నడిపేవాడి లాంటిది. మలుపులో పక్కకి జారకుండా ఆపడానికీ, ముందుకి తోయడానికీ ఉన్న పట్టు అంతా ఒక్కటే. స్టీరింగ్ ఇంకా తిరిగి ఉండగానే కాలు గట్టిగా నొక్కావో, వెనక భాగం నిన్ను దాటి ముందుకు రావాలని చూస్తుంది.

నిస్సందేహంగా ఆపాల్సిన సందర్భాలు ఉన్నాయి. బురదలోనో, ఇసుకలోనో, లోతైన మంచులోనో దిగబడితే ఆపాలి. చక్రం తిరగబోతే చాలు, ట్రాక్షన్ కంట్రోల్ ఇంజిన్ బలం కోసేస్తుంది కాబట్టి కారు ఉన్నచోటే ఉంటుంది. ఆపేసి, రెండో గేరులో నిదానంగా కదిలించి, గట్టు ఎక్కగానే మళ్లీ వేసెయ్. ఇంజిన్ బలం కొలిచే రెండు చక్రాల డైనో మీద కూడా ఆపాల్సిందే. వెనకవి రోలర్ల మీద పరుగెడుతుంటే ముందువి కదలవు. అది చూసి కంప్యూటర్ హడలిపోయి ఇంజిన్‌ని నొక్కేస్తుంది, కాగితం మీద అచ్చయిన అంకె ఎందుకూ పనికిరాదు. డ్రాగ్ స్ట్రిప్‌లో, అంటే తిన్నగా సాగే పందెపు దారిలో, టైర్లు వేడెక్కించే బర్నవుట్‌కీ అంతే. ఆ తర్వాత గీత దగ్గర నిలబడినప్పుడు కారుని జారకుండా బయల్దేరదీసే లాంచ్ కంట్రోల్ ఉంటే దాన్నే నమ్ముకో.

ఇక నీ మనసులో ఉన్నది ట్రాక్ అని నాకు తెలుసు. మొదట అన్నీ వేసే ఉంచి, ఆ పసుపు దీపాన్నే గమనించు. దాన్ని మించిన గురువు లేడు, పైగా ఫీజు అడగదు. ఏ మలుపు చివర మిణుకుమంటుందో అక్కడ నీ కాలు తొందరపడుతోందన్న మాట. స్టీరింగ్ ఎంత తిన్నగా చేస్తే యాక్సిలరేటర్ అంతే తెరువు, రెంటినీ ఒకే దారంతో కట్టావనుకో. నీ కారుకి టర్బో ఉంది, దాని సంగతి మరీ వేరు. కాలు నొక్కిన క్షణం ఏమీ జరగనట్టే ఉండి, మరుక్షణం టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం, మొత్తం గుప్పున వచ్చి పడుతుంది. అందుకని కొంచెం ముందుగా, కొంచెం తక్కువగా నొక్కాలి.

ల్యాపుల తరబడి దీపం వెలగకుండా, టైము కూడా నిలకడగా వస్తుంటే, అప్పుడు మధ్య మోడ్‌కి వెళ్లు. బీఎండబ్ల్యూ ఎం కార్లలో ఎం డైనమిక్ మోడ్ అంటారే, అలాంటిది. వెనక భాగాన్ని కాస్త ఆడనిచ్చి, హద్దు దాటితే పట్టుకుంటుంది. నన్నడిగితే చాలామందికి జీవితమంతా అదే చాలు.

పూర్తిగా ఆపడం ఆ తర్వాతి మాట. నేల పొడిగా, టైర్లు వేడిగా, మలుపు బయట ఖాళీ స్థలం విశాలంగా, పక్కన తెలిసిన శిక్షకుడు ఉంటేనే. అలా చేస్తే ఒక లాభం నిజంగానే ఉంది. జారిన ప్రతిసారీ వెనక బ్రేకులు వాటంతట అవి పడి వేడెక్కిపోవడం తగ్గుతుంది. కానీ జారడం మొదలయ్యాక భయపడి కాలు ఒక్కసారిగా తీసేశావంటే బరువంతా ముందుకి పోయి, వెనక టైర్లు తేలికై, కారు బొంగరమవుతుంది. చూపు వెళ్లాల్సిన వైపే ఉంచి, స్టీరింగ్ జారుతున్న వైపుకి తిప్పి, కాలు మెల్లగా సడలించాలి. చినుకు పడిందా, మారుమాట లేకుండా అన్నీ వేసెయ్.

ఫార్ములా వన్‌లో 2008 నుంచి ట్రాక్షన్ కంట్రోల్ నిషేధం కదా అని వాదిస్తావేమో. నిజమే. వాళ్లు చిన్నప్పటి నుంచి కార్ట్‌లనే చిన్న రేసు బళ్లలో జారుతూ పెరిగినవాళ్లు నాయనా, పైగా ఎదురుగా లారీ రాదు. రోడ్డు మీద చల్లని టైర్లు, తడిసిన తెల్లగీతలు, ఎవరో ఒలకబోసిన ఆయిలు ఉంటాయి. కార్ల ప్రియుల కలయికల నుంచి బయటికొస్తూ ఫోన్లు పట్టుకున్న జనం ముందు తోక ఊపబోయి, ఫుట్‌పాత్ ఎక్కేసిన కార్ల వీడియోలు నువ్వే నాకు పంపేవాడివి!

ఇంతకీ కారుతో వచ్చిన టైర్ల వయసెంత? టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాల వరసలో చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని. లోతు బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడిపోతే పట్టు ఉండదు. నాలుగు టైర్ల మీదా చూసి రాసి పంపు, ట్రాక్ రోజు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

నీ
మురళి