కార్నర్‌లో ఆపేవాళ్లు కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా అబ్బాయికి 14 ఏళ్లు, బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు, 46 కిలోల వెయిట్‌లో ఆడతాడు. పొద్దున్నే అయిదింటికి సింగ్ నగర్ నుంచి బండి మీద తీసుకెళ్లి దింపి, వాడు చేతులకి బ్యాండేజ్ చుట్టుకునేదాకా ఉండి, అప్పుడు ఆటోనగర్ వెళ్లి షాపు తీస్తాను. ఆ ఆట మీద నాకు కోపం లేదండీ, చాలా ఇష్టం, అందుకే రాస్తున్నా.

పోయిన నెల ఒక సెలెక్షన్స్‌కి వెళ్లాం. వెయిట్ తగ్గాలని మూడు రోజుల ముందు నుంచే వాడికి రాత్రిపూట అన్నం మాన్పించారు, ముందు రోజైతే మంచినీళ్లు కూడా గుక్కెడే, పైగా రెయిన్‌కోటు వేయించి ఎండలో పరిగెత్తించారు, బెజవాడ ఎండలో రెయిన్‌కోటు అంటే ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. తూకం దగ్గర ఇంకా 200 గ్రాములు ఎక్కువుంటే పిల్లాడు ఓ మూలన కూర్చుని ప్లాస్టిక్ డబ్బాలో ఉమ్ముతూ ఉన్నాడు. నేను చూడలేక బయటికొచ్చేశా. అదే రోజు సాయంత్రం బౌట్. రెండో రౌండ్‌లో గట్టి దెబ్బ తగిలింది, వాడు తేరుకుంటాడేమోనని రిఫరీ ఆట ఆపి ఎనిమిదిదాకా లెక్కపెట్టాడు, వాడి కళ్లు ఎటో చూస్తున్నాయి, కార్నర్‌లో, అంటే రింగు మూలన, ఉన్న కోచ్ మాత్రం "ఏం కాలేదురా, కొట్టు కొట్టు" అని అరుస్తూనే ఉన్నాడు. మూడో రౌండ్ కూడా ఆడించారు. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో "నాన్నా, నేను గెలిచానా" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ నేను చెప్పాను. బౌట్ దగ్గర డాక్టర్ ఎక్కడండీ అని అడిగితే "ఫోన్ చేస్తే వస్తారు" అన్నారు. పది రోజులకే ఇంకో పోటీకి పేరు రాసేశారు, నేనే వెళ్లి ఆ పేరు కొట్టేయించాను.

అప్పట్నుంచి రాత్రిళ్లు ఈ ఆట గురించే చదువుతున్నా. అమెరికాలో ఫ్రెడ్డీ రోచ్ అని ఒక కోచ్ ఉన్నాడు, ఫిలిప్పీన్స్ బాక్సర్ మ్యానీ పకియావ్ కోచ్ అంటే మన పిల్లలు టక్కున గుర్తుపడతారు. ఆయన కూడా చిన్న వెయిట్ బాక్సరే, ఫెదర్‌వెయిట్, లైట్‌వెయిట్‌లలో యాభైకి పైగా ఫైట్లు ఆడాడు, ఎదురెళ్లి దెబ్బలు తినే రకం. ఆయన కోచ్ ఎడ్డీ ఫచ్ ఒకరోజు కూర్చోబెట్టి ఇంక చాలు మానెయ్ అన్నాడు. రోచ్ వినలేదు. ఫచ్ లేకుండానే ఇంకొన్ని ఫైట్లు ఆడి చాలావరకు ఓడిపోయి 1986లో ఆపాడు, తర్వాత కొన్నేళ్లకే పార్కిన్సన్స్, అంటే ఒళ్లు వణికే మెదడు జబ్బు, అన్నారు డాక్టర్లు. ఆ ఫచ్ దగ్గరికే మళ్లీ వెళ్లి జీతం కూడా లేకుండా పని నేర్చుకుని, 1995లో హాలీవుడ్‌లో వైల్డ్ కార్డ్ అని సొంత జిమ్ పెట్టాడు. 2001లో పకియావ్ ఆ జిమ్ మెట్లెక్కి వచ్చాడు, అంతకుముందు గెలిచిన దాంతో కలిపి మొత్తం ఎనిమిది వెయిట్లలో వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. రోచ్ వీడియోలు చూడండి, మామూలుగా నిలబడితే చెయ్యి వణుకుతూ ఉంటుంది, మాట తడబడుతుంది, అదే బాక్సర్ గుద్దడానికి చేతులకి వేసుకునే ప్యాడ్స్ తొడుక్కుని రింగులోకి దిగితే ఆ చేతులు ఎంత కరెక్టుగా పడతాయో. నాకు అది చూస్తే ఏడుపొచ్చింది.

ఇంక ఆ ఫచ్ సంగతి. ఆయన కుర్రాడిగా డెట్రాయిట్‌లో లైట్‌వెయిట్ ఆడేవాడు, ప్రొఫెషనల్ అవుదామనుకుంటే గుండెలో ఏదో తేడా ఉందని డాక్టర్లు ఆపేశారు. అట్లా కోచ్ అయ్యాడు. 1975లో మనీలాలో మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ ఫైట్‌లో ఫ్రేజియర్ కార్నర్‌లో ఉన్నది ఈయనే, 14 రౌండ్లు అయ్యాక కళ్లు వాచిపోయి కనపడకపోయినా ఫ్రేజియర్ ఆడతాను ఆడతాను అంటుంటే, కూర్చో బాబూ అయిపోయింది, ఇవాళ నువ్విక్కడ చేసింది ఎవరూ మర్చిపోరు అని ఆపేశాడు. వరల్డ్ టైటిల్, ఇంకొక్క రౌండే మిగిలుంది. అయినా ఆపాడు. మా వాడిది జిల్లా సెలెక్షన్, 46 కిలోల పిల్లాడు, వాణ్ని ఆపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

ఆ కోచ్‌ని కూడా నేను తిట్టను. ఆయనకి నెలనెలా సరిగా జీతం రాదు, పిల్లలకి మెడల్స్ వస్తేనే ఆయన పేరు ఉంటుంది, ఇంక ఎట్లా ఆపుతాడు? మన రాష్ట్రంలో మంచి వాళ్లు లేక కాదు. విశాఖ ఎన్. ఉష గారు చిన్న వెయిట్‌లోనే ఆడి వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో రెండుసార్లు సిల్వర్ తెచ్చారు, 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. నిఖత్ జరీన్ నిజామాబాద్ అమ్మాయే అయినా విశాఖలోని సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్‌లో ఐ.వి. రావు గారి దగ్గర నేర్చుకుంది, 2022లోనూ 2023లోనూ వరల్డ్ ఛాంపియన్ అయింది. మరి విజయవాడ, గుంటూరులో ఆడి మానేసిన కుర్రాళ్లు ఏమవుతున్నారు? నాకు తెలిసిన ఒకతను డెలివరీ బండి నడుపుతున్నాడు, సాయంత్రం ఖాళీ దొరికితే వచ్చి మా వాడికి ప్యాడ్స్ పడతాడు, దెబ్బ తగిలితే ముందు కళ్లు చూస్తాడు. అట్లాంటి వాళ్లకి ట్రైనింగ్ ఇచ్చి, పర్మనెంట్‌గా పోస్టింగ్ ఇస్తే ఏం పోతుంది సార్?

స్పోర్ట్స్ అథారిటీ వాళ్లకి, అసోసియేషన్ వాళ్లకి మీ పేపర్ ద్వారా చెప్పాలనుకున్నది ఇదే. చిన్న సెలెక్షన్స్ అయినా సరే రింగు పక్కన డాక్టర్ కూర్చుంటేనే బెల్ కొట్టాలి. తలకి దెబ్బ తగిలి బౌట్ ఆగితే కనీసం 30 రోజులు ఆడకూడదని ఇంటర్నేషనల్ రూల్ ఉంది, అది ప్రతి పిల్లాడి రికార్డ్ బుక్‌లో రాయాలి, ఆ బుక్ చూడకుండా పేరు రాసుకోకూడదు. హెడ్‌గార్డ్ ఉందిగా అంటారు, అది చర్మం చీలకుండా కాపాడుతుంది గానీ లోపల మెదడు కదలకుండా ఆపలేదు. నీళ్లు మాన్పించడం మాత్రం వెంటనే ఆపించండి, వెయిట్ కుదరకపోతే పై వెయిట్‌లో ఆడనివ్వండి.

మా వాడిని నెల రోజులు ఇంట్లోనే ఉంచాను. సోమవారం నుంచి మళ్లీ వెళ్తానంటున్నాడు, బ్యాండేజ్‌లు ఉతికి దండెం మీద ఆరేసుకున్నాడు. నేను తీసుకెళ్తాను. ఈసారి బౌట్ అయినప్పుడు మాత్రం కార్నర్ పక్కనే నిలబడతాను, నన్ను అక్కడ నిలబడనివ్వాలని కూడా అడుగుతున్నాను.

- ఒక తండ్రి, సింగ్ నగర్, విజయవాడ