వీధంతా అడుగుతుంది, సెంటర్‌లో తప్ప

సంపాదకులకు,

నేను ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను, ఉండేది కావలిలో. పోయిన నెల మా చుట్టాలమ్మాయికి తోడుగా హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లాను. భార్యాభర్తలిద్దరికీ హెచ్‌ఐవీ ఉంది, ఇద్దరూ మందులు వాడుతున్నారు. పెళ్లయి రెండేళ్లు. అత్తగారికి సంగతి తెలియదు. అందుకని మందుల డబ్బా మీద లేబుల్ గోటితో గీకేసి, పోపుల డబ్బా వెనక దాచుకుంటుంది.

"విశేషమేమన్నా ఉందా?" అని వీధిలో కనపడ్డవాళ్లంతా అడుగుతారు. సెంటర్‌లో మాత్రం రెండే ప్రశ్నలు: మాత్రలు వేళకి వేసుకుంటున్నావా, కండోమ్ వాడుతున్నారా. బయటికొచ్చాక బస్టాండులో నన్ను అడిగింది: "పిన్నీ, నాకు బిడ్డ పుడితే దానికీ వస్తాదా?"

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో పిల్లలు కావాలని ఎవరికి ఉంటుందో ముందే అంచనా వేయొచ్చా అని చాలా దేశాల్లో పరిశోధనలు జరిగాయి. చిన్న వయసు, పిల్లలు లేకపోవడం, భర్తకీ ఇంట్లోవాళ్లకీ ఆశ ఉండటం, ఎక్కువగా ఇవే తేలాయి. జబ్బు లేనివాళ్లకీ అంతే కదా! కానీ ఇద్దరు పిల్లలుండీ, రెండో పెళ్లయ్యాక ఇంకొకరు కావాలన్నవాళ్లను నా సర్వీసులో చూశాను. పాతికేళ్లకే వద్దనుకున్నవాళ్లనీ చూశాను. మొహం చూసి చెప్పలేం.

అడగకపోతే చెప్పకుండా కండోమ్ మానేస్తారు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క, తగ్గిందో లేదో చూసుకోకుండానే నెల తప్పుతుంది. మందుల్లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. సరిగా వాడితే 5 లోపే. కడుపు రాకముందే వైరల్ లోడ్ అదుపులో ఉంటే ఇంకా తక్కువ. ఈ లెక్కా, పుట్టగానే బిడ్డకు పోసే సిరప్ సంగతీ, 18 నెలల దాకా చేసే పరీక్షల సంగతీ ఆ బస్టాండు బెంచీ మీద నేనే చెప్పాల్సి వచ్చింది.

హెచ్‌ఐవీ ఉన్న గర్భిణికి ఆమె ఒప్పుకోకుండా అబార్షన్ గానీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గానీ చేయకూడదని 2017 చట్టంలోనే ఉంది. "నీకెందుకమ్మా పిల్లలు" అనే మాట మాత్రం ఇంకా వినపడుతూనే ఉంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వైద్యాధికారులకు నా విన్నపం ఒకటే. చేతిపుస్తకంలో బరువు రాస్తారు కదా, ఆ పక్కనే ఏడాదికోసారి "పిల్లలు కావాలనుకుంటున్నారా?" అని అడిగి రాయండి. భర్తనీ విడిగా అడగండి. రద్దీ అంటారు, నిజమే, ఆ రోజు మేం మూడు గంటలు కూర్చున్నాం. ఈ ప్రశ్నకి అర నిమిషం చాలు.

రిటైర్డ్ ఏఎన్‌ఎం,
కావలి